కిలోకీ ఇరవై కిలోలకీ మధ్య

విజయవాడ నుంచి కాజీపేట వైపు వచ్చే రైళ్లు ఖమ్మం, డోర్నకల్ దాటి మహబూబాబాద్ (మానుకోట) మీదుగానే సాగుతాయి. ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ కొండల్లోనూ, ఆంధ్రప్రదేశ్‌లోని అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలోనూ పండిన గంజాయి హైదరాబాద్‌కూ ముంబైకీ చేరే దారుల్లో ఈ పట్టాలు ఒకటి. భద్రాచలం, ఖమ్మం దాటాక మరిపెడ, తొర్రూరు తగిలే రోడ్డు ఇంకొకటి. వరంగల్ నుంచి జనగామ మీదుగా రాజధానికి పోయే 163వ జాతీయ రహదారి మరొకటి. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే అవతల మహారాష్ట్రలోని సిరొంచ. మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి అనే ఈ మూడు జిల్లాలు గంజాయి పంటకు పేరుపడినవి కావు, పెద్ద గిరాకీ ఉన్న నగరాలూ కావు. సరుకు నడిచే దారి మీద ఉన్నాయి.

అందుకే ఇక్కడ గంజాయి కేసు అంటే ప్రధానంగా రవాణా కేసు. బ్యాగులో టేపు చుట్టిన ప్యాకెట్లు దొరుకుతాయి. పంచనామాలో బరువు రాస్తారు. ఆ తర్వాత కోర్టులో జరిగే చాలా సంగతులను ఆ బరువే నడిపిస్తుంది. కిలోకు తక్కువైతే గరిష్ఠంగా ఏడాది జైలు. ఇరవై కిలోలు దాటితే కనీసం పదేళ్లు. ఈ రెండు అంకెలు మన చట్టసభల్లో చర్చించి నిర్ణయించినవి కావు. 2001 అక్టోబరు 19న కేంద్ర ప్రభుత్వం వెలువరించిన గెజిట్ నోటిఫికేషన్‌లోని పట్టిక అది. రెండు దశాబ్దాలు దాటినా గంజాయి వరుసలోని ఆ అంకెలు అలాగే ఉన్నాయి.

అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో మనిషి దగ్గర ఎన్ని గ్రాములు ఉండవచ్చన్న ప్రశ్న మీద పౌరులు నేరుగా ఓటు వేశారు. మన దగ్గర అలాంటి ఓటింగ్ లేదు, రావాలని కోరుకునే వాళ్లూ తక్కువే. గంజాయిని చట్టబద్ధం చేయాలన్నది ఈ వ్యాసం వాదన కూడా కాదు. కౌమారంలో ఉన్న పిల్లల మెదడుకు గంజాయి చేసే హాని మీదా, మానసిక వ్యాధుల ముప్పు మీదా వైద్యుల హెచ్చరికలు స్పష్టంగా ఉన్నాయి. అయితే నిషేధించినా, అనుమతించినా పరిమాణం ప్రశ్న తప్పదు. ఎంత ఉంటే వాడకం, ఎంత ఉంటే వ్యాపారం? ఎవరు రోగి, ఎవరు కూలి, ఎవరు దళారి? వీళ్లను విడదీయడానికే పరిమితి అనేది పుట్టింది. మన చట్టంలోని పరిమితి ఆ పని చేయడం లేదు. కింది గీత మరీ వెడల్పుగా ఉంది, పై గీత మనిషి పాత్రను చూడదు.

పట్టిక చెప్పే లెక్క

మాదకద్రవ్యాలు, మానసిక ప్రభావ పదార్థాల చట్టం 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. పోలీసులూ లాయర్లూ ఎన్‌డీపీఎస్ అని పిలిచేది దీన్నే. ఇప్పుడు గంజాయికి ఇందులో మూడు మెట్లు ఉన్నాయి. కిలోకు తక్కువైతే ‘చిన్న పరిమాణం’: ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇరవై కిలోలకు మించితే ‘వాణిజ్య పరిమాణం’: పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల జైలు, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. ఈ రెండింటి నడుమ ఉన్నదానికి పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. అదే మొక్క నుంచి తీసే చరస్, హాష్ ఆయిల్‌లకు గీతలు వేరు: వంద గ్రాములు, ఒక కిలో.

మొక్క పెంచితే మాత్రం గీతే లేదు. పత్తిచేలో నాలుగు మొక్కలు దొరికినా, ఎకరం నిండా తోట ఉన్నా 20వ సెక్షన్‌లోని ఒకే క్లాజు వర్తిస్తుంది. పదేళ్ల వరకు శిక్ష వేయవచ్చు. కొలరాడో, కాలిఫోర్నియా ఆరు మొక్కలని, జర్మనీ మూడు మొక్కలని చట్టంలో రాసుకున్నాయి. అనుమతి ఇవ్వడం కోసం వాళ్లు రాసుకున్న ఆ అంకె, శిక్షను తూచడం కోసమైనా మన దగ్గర లేదు. ఎన్ని మొక్కలన్నది పూర్తిగా జడ్జి విచక్షణకు వదిలేశారు.

ఈ గీతల చరిత్ర చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. 1985 నాటి తొలి చట్టంలో హెరాయిన్ వంటి వాటికి కనీసం పదేళ్ల శిక్ష ఉండేది. గంజాయిని మాత్రం విడిగా చూశారు. ఎంత దొరికినా గరిష్ఠంగా ఐదేళ్లు, యాభై వేల జరిమానా. సొంత వాడకానికని నిరూపించుకోగలిగితే ఐదువందల గ్రాముల లోపు గంజాయికి ఇంకా తక్కువ శిక్ష. 2001లో చట్టాన్ని సవరించినప్పుడు వ్యసనపరుల మీద భారం తగ్గించి వ్యాపారుల మీద పెంచుతామన్నది ప్రభుత్వం చెప్పిన ఉద్దేశం. హెరాయిన్ విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. గంజాయి దగ్గరికొచ్చేసరికి ఐదేళ్ల గరిష్ఠం కాస్తా ఇరవై కిలోల పైన పదేళ్ల కనిష్ఠంగా మారింది. ఇంత పెద్ద మార్పుకు ఇరవై కిలోలనే అంకె ఎందుకు, పదిహేను ఎందుకు కాదు, యాభై ఎందుకు కాదు అన్న వివరణ పట్టికలో ఉండదు. నోటిఫికేషన్లు కారణాలు చెప్పవు.

ఐదు తులాల సిఫార్సు

పరిమితి మీద చర్చ మన దేశానికి కొత్తది కాదు. 1893లో బ్రిటిష్ పార్లమెంటు దిగువసభలో లేచిన ఒక ప్రశ్నతో భారత ప్రభుత్వం గంజాయి, చరస్, భంగు మీద విచారణ సంఘం వేసింది. డబ్ల్యూ. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. ఏడుగురు సభ్యుల్లో ముగ్గురు భారతీయులు. మద్రాసు ప్రెసిడెన్సీ సహా దేశమంతటా 1,193 మంది సాక్షుల వాంగ్మూలాలు తీసుకున్నారు. 1894లో వచ్చిన నివేదిక సంపూర్ణ నిషేధం వద్దంది. పన్ను వేయాలనీ, లైసెన్సు లేకుండా సాగు కూడదనీ, దుకాణాల సంఖ్య తగ్గించాలనీ చెప్పింది. వాటితోపాటే ఒక మనిషి దగ్గర ఉండదగిన గంజాయి లేదా చరస్‌కు ఐదు తులాలు, భంగుకు పావుసేరు పరిమితి పెట్టాలని సూచించింది. ఐదు తులాలంటే నేటి లెక్కలో సుమారు 58 గ్రాములు.

వలస ప్రభుత్వానికి ఆబ్కారీ ఆదాయం మీద ఆశ ఉంది, అది కాదనలేం. అయినా ఆ నివేదికలో కనిపించే పద్ధతి గమనించదగ్గది. ముందు వాడేవాళ్లనూ, అమ్మేవాళ్లనూ, వైద్యులనూ, అధికారులనూ అడిగారు. ఆ తర్వాత అంకె చెప్పారు. ఆ అంకె ఒక మనిషి వాడకానికి దగ్గరగా ఉంది. 2001 పట్టికలోని కిలో దానికి పదిహేడు రెట్లు.

1961లో మాదకద్రవ్యాల మీద ఐక్యరాజ్యసమితి ఏకైక ఒడంబడిక వచ్చినప్పుడు గంజాయి వైద్యేతర వాడకాన్ని ఆపడానికి భారత్ వంటి దేశాలకు పాతికేళ్ల గడువు దొరికింది. ఆ గడువు ముగియబోతున్న కాలంలోనే 1985 చట్టం వచ్చింది. ఒడంబడిక నిర్వచనంలో ఆకు లేదు కాబట్టి భంగు చట్టం బయట మిగిలింది. పూతకొమ్మలే గంజాయి అయ్యాయి. 2020 డిసెంబరులో ఐరాస మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకర పదార్థాల జాబితా అయిన నాలుగో షెడ్యూలు నుంచి తొలగించింది. 27-25 ఓట్ల తేడాతో నెగ్గిన ఆ తీర్మానానికి భారత్ అనుకూలంగా ఓటు వేసింది. దేశంలోపల పట్టికను మాత్రం తిరిగి చూడలేదు.

ఓటుకు పెట్టిన ఔన్సు

2010 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్ల ముందుకు 19వ ప్రతిపాదన వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్లు దాటినవారు ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల గంజాయి దగ్గర ఉంచుకోవచ్చన్నది అందులో ప్రధానాంశం. అది ఓడిపోయింది. రెండేళ్లకు కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు అదే ఔన్సును ఓటుకు పెట్టి గెలిపించుకున్నాయి. వాషింగ్టన్ ఇంట్లో మొక్క పెంచడాన్ని ఒప్పుకోలేదు, కొలరాడో ఒప్పుకుంది. అదే ఏడాది ఒరెగాన్‌లో పరిమితి ఊసెత్తని 80వ ప్రతిపాదన ఓడింది. 2014లో బయట ఒక ఔన్సు, ఇంట్లో ఎనిమిది ఔన్సులు అని స్పష్టంగా రాసిన 91వ ప్రతిపాదన అదే రాష్ట్రంలో గెలిచింది. 2016లో కాలిఫోర్నియా మళ్లీ ముందుకొచ్చి 28.5 గ్రాములు, గాఢ పదార్థమైతే ఎనిమిది గ్రాములు, ఆరు మొక్కలు అనే లెక్కను 57 శాతం ఓట్లతో ఆమోదించింది. ఒహాయో 2023లో రెండున్నర ఔన్సులకు ఒప్పుకుంది. మూడు ఔన్సులు అడిగిన ఫ్లోరిడా ప్రతిపాదన 2024లో సగానికి పైగా ఓట్లు తెచ్చుకున్నా, అవసరమైన 60 శాతం అందక వీగిపోయింది.

ఈ ప్రతిపాదనల మీద జరిగిన వాదనల్లో గ్రాముల లెక్క ప్రధాన భాగం. మరీ తక్కువ పెడితే సామాన్య వాడకందారు నేరస్థుడవుతాడని ఒక వాదన. మరీ ఎక్కువ పెడితే చిల్లర అమ్మకందారు దాని చాటున తప్పించుకుంటాడని మరో వాదన. ఇంట్లో ఎంత, వీధిలో ఎంత? పువ్వు ఎంత, నూనె ఎంత? ఒక్కొక్క గీతకు ఒక్కొక్క సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. ఓటింగ్ లేని దేశాల్లోనూ అంకె మీద చర్చ జరిగింది. పోర్చుగల్ 2001లో పది రోజుల వాడకాన్ని కొలమానంగా తీసుకుని 25 గ్రాములని తేల్చింది, ఆ లోపు దొరికితే కోర్టుకు బదులు ప్రత్యేక కమిషన్ ముందుకు పంపుతుంది. బ్రెజిల్ సుప్రీంకోర్టు 2024 జూన్‌లో 40 గ్రాముల గీత గీసింది. ఆ లోపు ఉంటే సొంత వాడకమనే ముందుగా భావించాలి, అమ్మకమని రుజువు చేసే బాధ్యత పోలీసులది.

ఈ గ్రాముల లెక్క తెలుగువాళ్లకు దూరదేశపు ముచ్చట కాదు. సియాటిల్ చుట్టుపక్కలా కాలిఫోర్నియాలోనూ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు రెండు చట్టాల మధ్య బతుకుతున్నారు. రాష్ట్ర చట్టం ఔన్సును అనుమతిస్తుంది. ఫెడరల్ చట్టం దృష్టిలో గంజాయి ఇప్పటికీ నియంత్రిత పదార్థమే. అమెరికా వలస చట్టం మాదకద్రవ్యాల నేరంలో శిక్ష పడిన విదేశీయుణ్ని దేశం నుంచి పంపేయవచ్చంటూనే, సొంత వాడకానికి 30 గ్రాములు లేదా అంతకు తక్కువ గంజాయి ఉంచుకున్న ఒకే ఒక్క నేరానికి మినహాయింపు ఇస్తుంది. రాష్ట్రంలో చట్టబద్ధమైన వాడకమైనా సరే, పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తన నిరూపణకు అడ్డు కావచ్చని అక్కడి వలస సేవల సంస్థ 2019లో స్పష్టం చేసింది. జనగామ నుంచి వెళ్లిన విద్యార్థికి ఆ 30 గ్రాములు కొత్త జీవితానికీ తిరుగు విమానానికీ మధ్య గీత కావచ్చు.

తెలుగు నేల మీద కూడా పరిమితి చర్చ ఒకటి ఈ మధ్యనే జరిగింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక వ్యక్తి దగ్గర ఉండదగిన మద్యాన్ని మూడు సీసాలకు తగ్గించింది. తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల్లో సీసాల లెక్కతో కేసులు పడ్డాయి. 2020 సెప్టెంబరులో ఏపీ హైకోర్టు పొరుగు రాష్ట్రం నుంచైనా మూడు సీసాల వరకు తెచ్చుకోవచ్చని చెప్పింది. ప్రభుత్వం ఆ వెంటనే నిబంధన మార్చి, అనుమతి లేనిదే బయటి సీసా రాకూడదంది. సీసాల సంఖ్య మీద కోర్టు, ప్రభుత్వం, పత్రికలు, జనం అందరూ మాట్లాడారు. పదేళ్ల జైలును నిర్ణయించే ఇరవై కిలోల మీద ఆ మాత్రం చర్చ కూడా జరగలేదు.

తూకంలో ఏముంది?

బరువే శిక్ష అయినప్పుడు దేన్ని తూచారన్నది ప్రాణప్రదమైన ప్రశ్న అవుతుంది. 2008లో మైఖేల్ రాజ్ కేసులో సుప్రీంకోర్టు, కల్తీ పదార్థాన్ని తీసేసి అసలు మత్తుమందు బరువే చూడాలంది. 2009 నవంబరులో కేంద్రం మొత్తం మిశ్రమాన్నీ లెక్కలోకి తెచ్చే నోటిఫికేషన్ ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హీరాసింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం పాత తీర్పును తోసిపుచ్చి మొత్తం బరువునే ఖాయం చేసింది. కల్తీ చేసి అమ్మేది కూడా ప్రమాదమే కాబట్టి ఆ వాదనలో పస లేకపోలేదు. కానీ ఇప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల పట్టుబడుతున్న గంజాయి చాక్లెట్ల వంటివి వచ్చినప్పుడు చక్కెర బరువూ నేరం బరువులో కలిసిపోతుంది.

పూతకొమ్మలతో కాకుండా విడిగా ఉన్న ఆకు, గింజ గంజాయి కావని చట్టమే చెబుతోంది. మూటల్లో మాత్రం కొమ్మ, ఆకు, గింజ, కాడ అన్నీ కలిసే ఉంటాయి. అన్నింటినీ కలిపి తూస్తే ఇరవై మూడు కిలోలు, విడదీసి తూస్తే పద్దెనిమిది వచ్చిందనుకోండి. మొదటిది కనీసం పదేళ్లు, బెయిల్ దాదాపు దుర్లభం. రెండోదానికి కనీస శిక్షంటూ లేదు. పచ్చి సరుకు ఎండితే బరువు బాగా తగ్గుతుంది. ఈ వాదనలు హైకోర్టుల్లో బెయిల్ పిటిషన్ల రూపంలో పదే పదే వస్తున్నాయి.

తెలంగాణకు చెందిన ఒక కేసు ఈ సంగతి మొత్తాన్నీ తేటతెల్లం చేసింది. 2009 మే నెలలో సంగారెడ్డి వైపు నుంచి హైదరాబాద్ వస్తున్న ఒక కారులో మూడు మూటల్లో 80 కిలోల గంజాయి దొరికిందని కేసు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు దాన్ని సమర్థించింది. 2024 మార్చి 1న మహమ్మద్ ఖాలిద్ వర్సెస్ తెలంగాణ ప్రభుత్వం తీర్పులో సుప్రీంకోర్టు నిందితులను నిర్దోషులుగా విడుదల చేసింది. మూటల్లో గంజాయితో పాటు పచ్చిమిరపకాయలు కూడా ఉన్నాయని సాక్ష్యంలో బయటపడింది. వాటిని వేరుచేసి తూచే ప్రయత్నం జరగలేదు. పంచనామాలో మిరపకాయల ప్రస్తావనే లేదు. 52ఎ సెక్షన్ చెప్పినట్టు మేజిస్ట్రేట్ సమక్షంలో నమూనాలు తీయలేదు.

పదిహేనేళ్లు నడిచిన కేసు తూకం దగ్గర కూలిపోయింది. నిజంగా నేరం చేసినవాళ్లయితే పోలీసుల శ్రమ వృథా అయినట్టు, చేయనివాళ్లయితే వాళ్ల యౌవనం పోయినట్టు. ఏదైనా నష్టమే. మిర్చి పండే మహబూబాబాద్ జిల్లాలో, మిర్చి బస్తాలు రాత్రీ పగలూ నడిచే రోడ్ల మీద పనిచేసే ప్రతి ఎస్సై చదవాల్సిన తీర్పు ఇది. సరుకు స్వాధీనం, భద్రత, నమూనాలు, ధ్వంసం మీద కేంద్రం 2022 డిసెంబరులో కొత్త నియమాలు తెచ్చింది. వాటిని స్టేషన్ స్థాయిలో అక్షరాలా పాటించేలా చూడటం మొదటి అవసరం.

మోసేవాడి పదేళ్లు

ఇరవై కిలోల గీత దాటిన క్షణం నుంచి చట్టం స్వభావమే మారిపోతుంది. 37వ సెక్షన్ ప్రకారం నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారాలు ఉన్నాయనీ, బయటికొస్తే మళ్లీ చేయడనీ జడ్జికి నమ్మకం కుదిరితేనే బెయిల్. విచారణ మొదలుకాకముందే నిర్దోషిత్వం చూపించమన్నట్టు. ఛార్జిషీటు వేయడానికి పోలీసులకు 180 రోజుల గడువు, దాన్ని ఏడాది దాకా పొడిగించవచ్చు. ఢిల్లీలో ఒక గంజాయి కేసులో ఇరవై మూడేళ్ల వయసులో అరెస్టయిన యువకుడు ఏడేళ్లకు పైగా విచారణ ఖైదీగా ఉన్నాక 2023 మార్చిలో సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది. విచారణ విపరీతంగా ఆలస్యమైతే 37వ సెక్షన్ ఉన్నా బెయిల్ ఇవ్వవచ్చని ఆ తీర్పులో చెప్పింది.

ఈ గీతకు అవతల ఎవరు ఉంటున్నారు? రెండు వేల కిలోలు లారీకి ఎత్తించిన దళారికీ, కూలి కోసం ఒక సూట్‌కేసులో ఇరవై ఒక్క కిలోలు మోసిన మనిషికీ వర్తించే కనీస శిక్ష ఒక్కటే. దళారి రైలెక్కడు. రైల్లో, బస్సులో, ఆటోలో దొరికేది మోసేవాడే. సరుకు ఎవరిదో, చివరికి ఎవరి చేతికి చేరుతుందో చాలాసార్లు అతనికే తెలియదు. 2020 అక్టోబరులో తూఫాన్ సింగ్ తీర్పుతో దర్యాప్తు అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లకుండా పోయింది. హక్కుల దృష్ట్యా అది సరైన తీర్పు. ఆ తర్వాత పై మెట్టు దాకా చేరాలంటే ఫోన్ కాల్ రికార్డులు, బ్యాంకు ఖాతాలు, ఆస్తుల జాడ వంటి గట్టి దర్యాప్తు కావాలి. బరువు చాలు శిక్ష పడటానికి అన్న ధీమా ఉన్నంతకాలం ఆ దర్యాప్తు మీద ఒత్తిడి తక్కువగానే ఉంటుంది.

నిఘా విషయంలో ప్రభుత్వాలు కూర్చుని లేవు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలో సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. తెలంగాణ 2023లో మాదకద్రవ్యాల నిరోధక బ్యూరో ఏర్పాటు చేసి, 2025 జూన్ 26న దానికి ‘ఈగల్’ అని పేరు మార్చింది. ఫిర్యాదులకు 1908 నంబరు తెచ్చింది. ఏపీలోనూ 2024 నుంచి అదే పేరుతో ప్రత్యేక దళం ఉంది. రెండు రాష్ట్రాల బలగాలు కొండ నుంచి నగరం దాకా గొలుసును పట్టుకోగలిగే స్థితిలో ఉన్నాయి. అలాంటప్పుడు గొలుసులో అతి చిన్న లంకెకూ పెద్ద లంకెకూ ఒకే కనీస శిక్ష ఉండటం దర్యాప్తుకు కూడా మేలు చేయదు. పదేళ్లు ఎలాగూ తప్పవని తెలిసినవాడు పోలీసులకు పై మనిషి పేరు ఎందుకు చెబుతాడు?

అమెరికా ఫెడరల్ చట్టం ఈ చిక్కును 1994లోనే గుర్తించింది. పాత నేర చరిత్ర పెద్దగా లేకుండా, హింసకు దిగకుండా, ముఠాకు నాయకుడు కాకుండా, తనకు తెలిసింది నిజాయతీగా చెప్పినవాడికి కనీస శిక్ష కంటే తగ్గించే అధికారం జడ్జికి ఇచ్చింది. మన 20వ సెక్షన్‌లో అలాంటి తలుపు లేదు.

కిలో కింద అందరూ ఒకటే

పై గీత కఠినత్వం మీద అప్పుడప్పుడైనా మాట వినిపిస్తుంది. కింది గీత వెడల్పు గురించి అదీ లేదు. జేబులో పది గ్రాములున్న డిగ్రీ కుర్రాడూ, తొమ్మిది వందల గ్రాములను చిన్న పొట్లాలు కట్టి కాలేజీ గేటు దగ్గర అమ్మే మనిషీ ఒకే మెట్టు మీద ఉన్నారు. ఇద్దరికీ గరిష్ఠం ఏడాది. మొదటివాడికి అది ఎక్కువ, చదువూ ఉద్యోగమూ పాడవుతాయి. రెండోవాడికి అది వ్యాపార ఖర్చు. కిలో అన్నది వాడకందారుకు రక్షణగా పెట్టిన గీత అయితే దానివల్ల ఎక్కువ రక్షణ దొరికింది చిల్లర అమ్మకందారుకు.

27వ సెక్షన్ గంజాయి తాగినందుకు ఆరు నెలల వరకు శిక్ష చెబుతోంది. 2001 తర్వాత అది సేవించడానికే పరిమితం. సొంతానికని దగ్గర ఉంచుకున్నా 20వ సెక్షన్ కిందికే వస్తుంది. చట్టంలో మానవీయమైన నిబంధనలు రెండు ఉన్నాయి. చిన్న పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు సిద్ధపడితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చేది 64ఎ. దోషిగా తేలిన వ్యసనపరుణ్ని జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం జడ్జికి ఇచ్చేది 39. వీటి గురించి స్టేషన్‌లో ఎవరు చెబుతారు? చెప్పినా పంపడానికి చోటు కావాలి కదా.

ఆ చోటు ఇప్పుడు ఈ మూడు జిల్లాల్లోనూ ఉంది. మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లిలకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వైద్య కళాశాల అంటే మానసిక వైద్య విభాగం ఉండి తీరాలి. పదేళ్ల కిందట మానుకోట పిల్లవాణ్ని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ ఆసుపత్రికో తీసుకుపోవాల్సి వచ్చేది. ఇప్పుడు జిల్లా కేంద్రంలోనే ఓపీ చీటీ రాయించుకోవచ్చు. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే దేశంలో గంజాయి సంబంధ సమస్యలకు సాయం అవసరమైనవాళ్లు సుమారు 72 లక్షల మంది అని తేల్చింది. వీళ్లకు దారి ఆసుపత్రి నుంచి వేయాలి. 2021 అక్టోబరులో కేంద్ర సామాజిక న్యాయ శాఖ సొంత వాడకానికి ఉంచుకున్న చిన్న పరిమాణాన్ని నేరం కాకుండా చేసి చికిత్సకు పంపాలని రెవెన్యూ శాఖకు సూచించినట్టు వార్తలు వచ్చాయి. ఆ డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణ చట్టంలోని ఒక ముసాయిదా తప్పును దిద్దడానికే పరిమితమైంది.

దీనికి వచ్చే అభ్యంతరం బలమైనదే. వాడకానికి ఏ కొద్ది సడలింపు ఇచ్చినా అమ్మేవాళ్లు పదేసి గ్రాముల చొప్పున జేబులో పెట్టుకుని తిరుగుతారని పోలీసులు అంటారు. తల్లిదండ్రుల భయమూ అదే. ఆ భయాన్ని తీర్చే మార్గం గీతను ఇంకా కిందికి దించి, దాని పైన చిల్లర అమ్మకానికి వేరే మెట్టు కట్టడం. ఇప్పుడున్న కిలో గీత ఆ అమ్మకందారును అసలు పట్టించుకోవడమే లేదు. పొట్లాలు, చిన్న తూకం యంత్రం, ఫోన్‌లో కొనుగోలు సందేశాలు, డబ్బు బదిలీలు ఉంటే పది గ్రాములైనా అమ్మకమే. అవి లేకుండా పది గ్రాములుంటే రోగం.

ఏం మారాలి

సొంత వాడకానికి గ్రాముల్లో ఒక గీత కావాలి. ఎంతన్నది వైద్యులు, పోలీసులు, న్యాయవాదులు, తల్లిదండ్రులు కలిసి తేల్చాల్సిందే. 1894 నాటి ఐదు తులాల సిఫార్సు, పోర్చుగల్ 25 గ్రాములు, బ్రెజిల్ 40 గ్రాములు చర్చకు మొదలు కాగలవు. ఆ లోపు దొరికితే సరుకు జప్తు చేసి చికిత్సకు పంపాలి, కేసు జైలు దాకా పోకూడదు. ఆ గీతకూ కిలోకూ మధ్య చిల్లర అమ్మకానికి ఇప్పటికంటే గట్టి శిక్ష ఉండాలి. ఇరవై కిలోల పైన అందరినీ ఒకే గాటన కట్టకుండా, నాయకత్వం లేని, తొలిసారి దొరికిన, దర్యాప్తుకు సహకరించిన మోతకూలికి కారణాలు రాసి పదేళ్లకు తక్కువ శిక్ష వేసే అధికారం జడ్జికి ఉండాలి. మొక్కల సంఖ్యకూ ఒక లెక్క రావాలి. పూతకొమ్మను ఆకు, కాడ నుంచి వేరుచేసి మేజిస్ట్రేట్ ఎదుట వీడియో తీస్తూ తూచడం ప్రతి కేసులో తప్పనిసరి కావాలి.

వీటిలో పరిమాణాల అంకెలు మార్చడానికి కేంద్రానికి పార్లమెంటు దాకా పోవాల్సిన పని కూడా లేదు, గెజిట్ నోటిఫికేషన్ చాలు. కనీస శిక్షను సడలించాలంటే మాత్రం చట్ట సవరణ కావాలి. ఇది కేంద్ర చట్టం కనుక తెలంగాణ శాసనసభ చేయగలిగింది తీర్మానం. అది చిన్న పనేం కాదు. మత్తు మీద అసెంబ్లీలో ఉపన్యాసాలు చాలానే జరిగాయి, ఈ పట్టిక మీద ఒక పూట చర్చ జరిగితే ఢిల్లీకి ఒక మాట చేరుతుంది. చికిత్స, స్టేషన్లలో శిక్షణ, న్యాయసహాయం రాష్ట్రం చేతిలోని పనులు. వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చర్చ గాలివాటుగా జరగకూడదంటే లెక్కలు బయటికి రావాలి. ఇప్పుడు ప్రభుత్వం ఎన్ని కిలోలు పట్టుకున్నామో, దాని విలువ ఎన్ని కోట్లో ప్రకటిస్తోంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలతో మొదలుపెట్టి ఈగల్ ఏటా వేరే పట్టిక ఒకటి ప్రచురించాలి. కిలో లోపు ఎన్ని కేసులు, అందులో వంద గ్రాముల లోపు ఎన్ని, కిలోకూ ఇరవై కిలోలకూ మధ్య ఎన్ని, ఆ పైన ఎన్ని? ఆ పైన దొరికినవాళ్లలో మోసినవాళ్లు ఎందరు, పంపినవాళ్లు ఎందరు? 64ఎ కింద చికిత్సకు వెళ్లింది ఎందరు, ఎన్ని కేసులు తూకం లోపం వల్ల కొట్టుడుపోయాయి? ఈ ఎనిమిది గడులు నింపడానికి కావాల్సిన ఎఫ్‌ఐఆర్‌లు, పంచనామాలు, తీర్పులు స్టేషన్లలోనూ జిల్లా కోర్టుల్లోనూ ఇప్పటికే ఉన్నాయి. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో హోంశాఖ పద్దు మీద చర్చకు ముందు ఆ పట్టికను సభ ముందు పెట్టమని ఈ మూడు జిల్లాల ఎమ్మెల్యేలు అడగాలి.